సున్నా మీద నిలిచిన ముల్లు

దసరా పోయి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ రామనర్సయ్య లాగ్‌బుక్కులో ఒకటే అంకె రాశాడు. సున్నా.

చూసేవాళ్లకి అది మంచి అంకె. క్వారీ సబ్‌స్టేషన్ గోడకున్న ఆ చిన్న మీటరు, కరెంటు భూమిలోకి ఎంత కారిపోతోందో చెబుతుంది. సున్నా అంటే ఎక్కడా చుక్క కూడా కారడం లేదన్నమాట. ఇంజనీరు జితేందర్ ఆ పేజీ చూసి, "శభాష్ నర్సన్నా, గిట్లుండాలె" అని సంతకం కూడా పెట్టాడు. రామనర్సయ్యకి మాత్రం ఆ సున్నాని చూస్తే ఒళ్లు మండిపోతోంది. మేళ్లచెరువు దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన పందొమ్మిదేళ్లుగా ఎలక్ట్రీషియన్. ఇన్నేళ్లలో ఆ ముల్లు కదలకుండా నిలబడటం ఆయన చూడలేదు. క్రషర్ మోటారు, నీళ్ల పంపులు నడుస్తున్నంతసేపూ అది సున్నాకి కాస్త పైన వణుకుతూనే ఉంటుంది. ఎండాకాలం కొంచెం, వానాకాలం ఇంకొంచెం. నిడమనూరులో వాళ్లది గొర్లు కాసిన కుటుంబం. రాత్రిపూట మందలో ఏదో ఒక గొర్రె దగ్గుతూనే ఉండాలి, అస్సలు చప్పుడు లేదంటే తండ్రి లేచి లెక్క చూసుకునేవాడు. ఇప్పుడు ఆయనకీ లేచి లెక్క చూసుకోవాలనే ఉంది, ఎక్కడ చూడాలో తెలియడం లేదు.

"కరెంటు కారుతలేదని గూడ పరేషానేనా అన్నా నీకు?" అని క్యాంటీన్లో నవ్వుకున్నారు. ఆయన్ని ముఖాన నర్సన్న అనీ, వీపు వెనక ఎర్త్ నర్సయ్య అనీ పిలుస్తారు. కొత్త మోటారు వస్తే అందరూ దాని హార్స్‌పవర్ చూస్తారు, ఈయన వంగి ఎర్త్ బోల్టు చూస్తాడు. చూసి ఊరుకోడు, పానా తీసి ఇంకో చుట్టు బిగిస్తాడు. కోదాడలో కిరాయి ఇంట్లో ఫ్రిజ్ కొన్ననాడు కూడా దానికి కుంకుమ బొట్టు పెట్టకముందే వెనక్కి వెళ్లి ఎర్త్ వైరు లాగి చూశాడట. భార్య సరోజన ఈ మాట చెప్పి నవ్వుతుంది కానీ, ఎందుకలా చేస్తాడో తెలుసు కాబట్టి ఎక్కువసేపు నవ్వదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఆయన అన్న పెంటయ్య మోటారు పట్టుకుని చచ్చిపోయాడు. దసరాకి మర్నాడు. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, మిల్లు మళ్లీ మొదలుపెట్టారు. బెల్టు జారుతోందని పెంటయ్య వెళ్లి మోటారు మీద రెండు చేతులూ వేశాడు, అంతే. లోపల వైరు ఒలిచిపోయి మోటారు ఒళ్లంతా కరెంటు పారింది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఫ్యూజు ఎగిరిపోయి మనిషి బతికేవాడు. మిల్లు ఎలక్ట్రీషియన్ చంద్రయ్య శవం ముందు నిలబడి, "నా పిల్లలసాచ్చిగ చెప్తున్న, ఎర్త్ నట్టు నేనే బిగించిన, నా చేతులతోనే బిగించిన" అని ఏడ్చాడు. ఎవరు నమ్ముతారు? బిగిస్తే పెంటయ్య ఎందుకు చచ్చాడు? ఇరవై ఏళ్ల రామనర్సయ్య అందరి ముందూ ఆయన చెంప మీద కొట్టాడు. అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత మిర్యాలగూడలో ఉన్న మిల్లులన్నీ తిరిగి, వీడికి పని ఇవ్వొద్దు, వీడు నట్టు బిగించకుండా బిగించానని ఒట్టేసే మనిషి అని చెప్పొచ్చాడు. చంద్రయ్యకి మళ్లీ ఎవరూ స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. మిల్లుల దగ్గర బస్తాలు మోసి బతికాడని ఎవరో చెబితే, రామనర్సయ్య విని కాస్త తృప్తిపడ్డాడు కూడా. అబద్ధమెందుకు, చాలానే తృప్తిపడ్డాడు.

ఆ తర్వాతే ఐటీఐలో చేరి ఈ పని నేర్చాడు. నేర్చిన పాఠం ఒక్కటే. ఎర్త్ జాయింటు వదులుగా ఉండకూడదు.

క్వారీ సబ్‌స్టేషన్ వెనక కంచె లోపల నిలువెత్తు ఇనుప పెట్టె ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ని భూమితో కలిపేది ఆ పెట్టెలోని రెసిస్టరే. క్వారీలో ఏ కేబులు ఒరిసి కరెంటు భూమిలోకి దిగినా, అది తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ చేరడానికి ఉన్నది ఈ ఒక్క దారే. రెసిస్టర్ ఆ కరెంటుని పాతిక ఆంపియర్లు దాటనివ్వదు. ఆ పాతికని పసిగట్టి రిలే అనే కాపలా స్విచ్ రెప్ప వేసేలోపు లైను కొట్టేస్తుంది, అంటే ఆపేస్తుంది. మరి ఆ దారే తెగిపోతే? భూమిలోకి దిగిన కరెంటుకి తిరిగొచ్చే తోవ ఉండదు, రిలేకి ఏమీ తెలియదు, మీటరు హాయిగా సున్నా చూపిస్తుంది. ఆ దారి ఉందో తెగిందో చెప్పడానికే పోయినేడు మానిటర్ అని ఒక చిన్న డబ్బా కూడా బిగించారు. దారి తెగితే దాని మీద ఎర్రలైటు వెలగాలి, లైను దానంతటదే ఆగిపోవాలి.

దసరాకి రెండు రోజులు క్వారీ బందు. ఆయుధపూజకి యంత్రాలన్నీ కడిగి రంగులు వేస్తారు. ఆ పెట్టెని, దాని నుంచి భూమిలోకి దిగే ఇనుపపట్టీని రామనర్సయ్య ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. ఈసారి పట్టీ జాయింటు దగ్గర తుప్పు కనబడింది. బోల్టులు ఊడదీసి, రెండు ముక్కలనీ గీకుడు కాగితంతో తోమి, పచ్చరంగు రెండుసార్లు పట్టించి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. భుజం నొప్పి పుట్టేదాకా బిగించాడు. పూజనాడు మొదటి కొబ్బరికాయ ఆ పెట్టె ముందు కొట్టింది ధన్‌సింగ్. మఠంపల్లి వైపు తండా నుంచి వచ్చే పంపు ఆపరేటర్ అతను, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పోయిన వానాకాలం కేబులుకి రాయి తగిలి ఒరిసిపోతే, అతను చెయ్యి వేసేలోపే లైను ఎగిరిపోయి బతికాడు. అప్పటినుంచి, "నా పానం నీ పెట్టెల దాచిపెట్టిన అన్నా, జర పైలంగ సూసుకో" అంటుంటాడు.

దసరా తర్వాత లైను ఎక్కించగానే మానిటర్ ఎర్రలైటు వెలిగింది. లైను ఆగిపోయింది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ ఆగింది. సూర్యాపేట నుంచి టెస్టింగ్ గోపాల్‌ని పిలిపించారు. అతను పెట్టె తలుపు తీసి, రెసిస్టర్‌కి ఈ చివరా ఆ చివరా మీటరు పెట్టి, ఉండాల్సిన ఓములు ఉన్నాయని చూపించాడు. రామనర్సయ్య పట్టీ జాయింటు పట్టుకుని ఊపి చూశాడు. కొండలా ఉంది. అప్పుడిక తప్పు ఎవరిది? మానిటర్‌ది. "కొత్తది తెప్పియ్యాలె సార్, పదిహేను రోజులు పడ్తది" అన్నాడు గోపాల్. క్రషర్ పదిహేను రోజులు ఆపుతారా ఎవరైనా? జితేందర్ మానిటర్ కాంటాక్టుకి చిన్న వైరుముక్క అడ్డంగా పెట్టించాడు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, లైను మాత్రం నడుస్తోంది. రెండోరోజు ఆ లైటు మీద ఎవరో నల్లటేపు కూడా అంటించారు.

పన్నెండోరోజు పొద్దున పదిన్నరకి ధన్‌సింగ్ ఫోన్ చేశాడు.

"అన్నా, రెండ్రోజుల వానకు గుంతల నీళ్లు బాగ ఎక్కినయ్. పంపు జరుపుతున్నం. నేను దిగుతున్న, కేబుల్ ఎత్తుకుంట."

"లైన్ బంద్ చెయ్యనా?"

"వద్దొద్దు. పర్మిట్ అనుకుంట కూసుంటే పంపు మునుగుతది. గప్పుడు ఇద్దరం కూసొని ఏడ్వాలె. ఏమన్నయితే నీ పెట్టె ఉన్నది గద, టక్కున కొట్టేస్తది."

ఆ క్వారీలో పద్ధతే అది. మూడువేల మూడువందల వోల్టుల కేబులుని, కరెంటు ఉండగానే, తాడులా భుజాన వేసుకుని జరుపుతారు. రూలు పుస్తకంలో అలా లేదు. కానీ లైను ఆపి పని చేసుకోమనే పర్మిట్ రావడానికి అరగంట పడుతుంది, నీళ్లు అరగంట ఆగవు. ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదంటే అది ఆ పెట్టె చలవే.

"ఆగు ధన్‌సింగూ, జరసేపు ఆగు" అన్నాడు రామనర్సయ్య. అప్పటికే ఫోన్ తెగిపోయింది. ర్యాంపు దిగితే లోపల సిగ్నల్ ఉండదు. వాకీటాకీలో పిలిచాడు. గరగర తప్ప జవాబు లేదు. అవతలివాళ్ల సెట్టు గట్టు మీది షెడ్డులో మేకుకి వేలాడుతుంటుందని ఆయనకి తెలుసు.

వెనక్కి తిరిగి ప్యానెల్ చూశాడు. భూమిలోకి కారేది చెప్పే మీటరు సున్నా మీదే ఉంది. దాని పక్కన మూడు ఫేజులకీ మూడు వోల్టుమీటర్లు ఉన్నాయి. ఒక్కో ఫేజుకీ భూమికీ మధ్య ఎంత ఉందో అవి చూపిస్తాయి. మూడూ పందొమ్మిది వందల దగ్గర సమానంగా ఉండాలి. నీలం ముల్లు పదిహేను వందలకి దిగింది. ఆయన చూస్తుండగానే మళ్లీ లేచింది. మళ్లీ దిగింది, ఈసారి తొమ్మిది వందలకి. అది దిగినప్పుడల్లా ఎరుపూ పసుపూ పైకి లేస్తున్నాయి. నీలం ఫేజు ఎక్కడో తడినేలని తాకుతోంది. తాకుతున్నా రిలే కొట్టలేదు.

అంటే పెట్టె దగ్గర దారి లేదు. ఎర్రలైటు పదకొండు రోజులుగా నిజమే చెబుతోంది.

జితేందర్‌కి ఫోన్ చేశాడు. ఆయన ఫ్యాక్టరీ లోపల మీటింగ్‌లో ఉన్నాడు.

"సార్, క్వారీ లైన్ కొట్టేస్తున్న. బ్లూ ఫేజ్ ఎర్తయితున్నది. ధన్‌సింగ్ కేబుల్ ఎత్తుకోనీకి దిగిండు."

"ఎర్తయితే రిలే కొట్టాలె గద నర్సన్నా. కారేది ఎంత సూపిస్తున్నది?"

"సున్నా."

"మరింకేంది! సున్నా ఉన్నదని నువ్వే అంటివి. వానకు మీటర్లు తడిసి ఊగుతుండొచ్చు. పోయినేడు గూడ నువ్వు గిట్లనే క్రషర్ ఆపితివి, ఏం దొరకలే, నీకు మెమో వచ్చె. ఇంకోటొస్తే నిన్ను గేటు బయటికి పంపుతరు, నేను ఆపలేను. పది నిమిషాలు ఆగు, నేనే వస్త."

"సార్, గాయన నీళ్లలున్నడు సార్."

"పది నిమిషాలు, గంతే."

ర్యాంపు దిగి పంపు దగ్గరికి నడవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఫోన్ తెగి ఎంతసేపైంది? మూడా, నాలుగా? ఆయన గోడ గడియారం చూడలేదు, నీలం ముల్లునే చూస్తున్నాడు. అది ఇప్పుడు నాలుగు వందల దగ్గర కొట్టుకుంటోంది. ఎరుపు ముల్లు మూడు వేలు దాటింది. క్రషర్ మోటారు పాతది, అంత వోల్టేజీ ఎంతసేపు ఓర్చుకుంటుంది? అక్కడ ఎర్రఫేజు కూడా భూమిని తాకిందా, గుంతలోని నీలం, క్రషర్ దగ్గరి ఎరుపు ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటూ నేల పొడుగునా పారతాయి. అప్పుడు పాతిక ఆంపియర్లు కాదు, వేలల్లో. మోకాటిలోతు నీళ్లలో, భుజాన కేబులుతో నిలబడ్డ మనిషి బతకడానికి ఏ దారీ ఉండదు.

మెమో గుర్తొచ్చింది. కోదాడలో ఇంటికి వెళ్లి సరోజనకి ఏమని చెప్పాలి అనుకున్నాడు. నిజమే, ఒక క్షణం చెయ్యి ఆగింది. ఆయన దేవుడేమీ కాదు. ఆ వెంటనే తనని తాను బండబూతు తిట్టుకుని బ్రేకర్ స్విచ్ తిప్పాడు.

ధడేల్‌మని చప్పుడైంది. దూరంగా క్రషర్ మూలుగు సన్నబడి, ఆగిపోయింది. మూడు ముళ్లూ కిందికి వాలాయి. జేబులో ఫోన్, బల్ల మీద ఫోన్ రెండూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. రామనర్సయ్య ఏదీ ఎత్తలేదు. బ్రేకర్‌ని బయటికి లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, బండి మీద గుంతలోకి దిగాడు.

ధన్‌సింగ్ బతికే ఉన్నాడు. నీళ్లలో నిలబడి, భుజాన కేబులుతో, బాగా కోపంగా ఉన్నాడు.

"ఎందుకు బంద్ చేసినవే? పంపు మునుగుతదని చెప్పలేనా?"

"కేబుల్ కింద పడెయ్."

"ఏమైందే?"

"పడెయ్ రా తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, ముందు బయటికి రా!"

అంత పెద్దమనిషి ఆ మాట అనేసరికి ధన్‌సింగ్ బెదిరిపోయి కేబులు వదిలేశాడు. అతని భుజానికి రెండు బారల దూరంలో, సగం నీళ్లలో, కేబులు జాయింటు ఉంది. దాని టేపు ఉబ్బిపోయి, నడిమధ్య వేలు పట్టేంత నల్లటి చిల్లు పడి ఉంది. చిల్లు చుట్టూ నీళ్లలో ఇంకా బుడగలు వస్తున్నాయి. ఇంకో నాలుగడుగులు వేసి ధన్‌సింగ్ పట్టుకోవాల్సింది ఆ జాయింటునే. అతను ఆ చిల్లుని చూశాడు, రామనర్సయ్యని చూశాడు, నీళ్లలోంచి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

జితేందర్ వచ్చి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ కేబులుకి పెట్టించాడు. నీలం ఫేజు పూర్తిగా నేలకి దిగిపోయింది. క్రషర్ మోటారుకి పెడితే అక్కడ ఎర్రఫేజు ఇన్సులేషన్ సగానికి పడిపోయింది. జితేందర్ ముఖం తెల్లబోయింది. "ఇంకెంతసేపు ఆగేది అది?" అన్నాడు.

మధ్యాహ్నం రామనర్సయ్య పెట్టె దగ్గరికి వెళ్లాడు. ఈసారి రెసిస్టర్ చివరల దగ్గర ఆగలేదు. మీటరు వైరు ఒకటి రెసిస్టర్ కింద పెట్టి, రెండోది పట్టీ వెంట దించుకుంటూ, అక్కడక్కడ రంగు గీకి ఆనించి చూశాడు. జాయింటు పైన బాగానే ఉంది. జాయింటు కింద మీటరు ఏమీ చూపించలేదు. కానీ జాయింటు కొండలా ఉందే! పానా పెట్టి బోల్టులు ఊడదీశాడు, తనే బిగించిన బోల్టులు, ఊడదీయడానికి ఒళ్లంతా చెమట పట్టింది. రెండు పట్టీలనీ విడదీశాడు. ఇనుముకి ఇనుము తగలాల్సిన చోట ఈ ముఖమూ పచ్చన, ఆ ముఖమూ పచ్చన. బోల్టుల కింద వాషర్లకి కూడా వేశాడు, తుప్పు పట్టకూడదని. ఎంత బిగిస్తే ఏం లాభం? బిగించింది రంగుని రంగుకి.

ఆయన ఆ పట్టీ పట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు. పదకొండు రోజులు ధన్‌సింగ్‌ని చావు అంచున నడిపించింది ఎవరో కాదు, తనే. ఆ సంగతి లోపలికి దిగుతుండగానే, దాని వెనక ఇంకొకటి కదిలింది.

పెంటయ్య అరచేతులు. మిల్లులో పడుకోబెట్టినప్పుడు అన్న చేతులు తనే కడిగాడు. రెండు అరచేతులకీ పచ్చరంగు అంటుకుని ఉంది, ఎంత రుద్దినా పోలేదు. పండగకి మోటారుకి వేసిన రంగు, ఇంకా పూర్తిగా ఆరని రంగు. చంద్రయ్య ఆ రంగు మీదే ఎర్త్ నట్టు బిగించాడు. బిగించాననే చెప్పాడు. ఒట్టేసి చెప్పాడు. ఆ చేతులు ముప్పై ఒక్క ఏళ్లుగా కళ్ల ముందే ఉన్నా, రామనర్సయ్యకి అర్థం కాలేదు.

సాయంత్రం లాగ్‌బుక్ తీసి రాయబోతే జితేందర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నర్సన్నా, రంగేసింది నువ్వు, మానిటర్ కు వైర్ పెట్టిచ్చింది నేను. గీ రెండూ రాసుడు అవసరమా? కేబుల్ జాయింట్ చెడ్డది, దొరికింది. గంతే రాసి ఖతం చేద్దాం."

"మీ సంగతి మీ ఇష్టం సార్. నాది నేను రాస్త." రాశాడు. జాయింటు ముఖాలకి రంగు వేసింది నేనే, అని రాసి పేరు పెట్టాడు. జితేందర్ ఆ పేజీ చూసి, చివరికి దాని కిందే, మానిటర్‌కి వైరు పెట్టించింది నేను, అని తన చేత్తో రాశాడు.

తర్వాతి ఆదివారం రామనర్సయ్య కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సెక్కాడు. ఎక్కడికని సరోజన అడిగింది. చెప్పాడు. ఆమె "పోయిరా" అని మాత్రం అంది.

మిల్లుల దగ్గర అడిగితే చెప్పారు. చంద్రయ్య ఇల్లు రైలుకట్ట అవతల, రెండు గదుల రేకుల ఇల్లు. గోడ మీద ఏసు పటం, కింద నులకమంచం. మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. బస్తాలు మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయింది. వచ్చినవాణ్ని చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టగానే చెయ్యి దానంతటదే చెంప దగ్గరికి వెళ్లింది. అది రామనర్సయ్య చూశాడు. మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

"నట్టు బిగించే ఉండె అన్నా" అన్నాడు. "నువ్వు చెప్పింది నిజం. నట్టు కింద రంగుండె. నేను గూడ గదే పని చేసిన మొన్న. ఒక మనిషిని సంపుతుంటి. నిన్ను కొట్టిన, నీ పని తీయించిన, నీ బతుకు ఖరాబ్ చేసిన. నీ తప్పు తెలువక చేసిన తప్పన్నా. నిన్ను ముంచింది మాత్రం నేను తెలిసి చేసిన."

చంద్రయ్య లోపలి గది వైపు తిరిగి, "ఏసమ్మా, ఓ ఏసమ్మా, గిట్ల రా" అని పిలిచాడు. ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"గదే మాట ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడు ముసలాయన. "ముప్పై ఒక్క ఏండ్ల సంది ఈమె నన్ను ఒక్క మాట అనలే. నమ్మిందో లేదో నాకు తెల్వదు. ఈమెకు జర చెవుడు. గట్టిగ చెప్పు."

రామనర్సయ్య లేచి నిలబడి, వీధిలో వాళ్లకి కూడా వినబడేంత గట్టిగా మళ్లీ చెప్పాడు.